కొండకూ కడలికీ మధ్య దారి: ఇద్దరు కలిసి చేసే తీర ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

రాతి తీరం వెంట కారు నడుపుతున్న మనిషికి సముద్రం కనిపించదు. కనిపించకూడదు కూడా. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి రెండు సెకన్లలో దాదాపు 33 మీటర్లు ముందుకు పోతుంది. ఒక పక్క కొండ, మరో పక్క అగాధం ఉన్న దారిలో ఆ 33 మీటర్లలోనే ఒక మలుపు మొదలై ముగిసిపోవచ్చు. కాబట్టి ఇద్దరు కలిసి బయలుదేరినా తీరాన్ని చూసేది ఒక్కరే. రెండోవారికి దక్కేది తారు, తెల్లగీత, ఎదురొచ్చే బస్సు. సాయంత్రం బసకు చేరాక ఒకరు "ఎంత బాగుంది!" అంటుంటే, మరొకరు మెడ నొక్కుకుంటూ "ఏది?" అని అడుగుతారు. ఇలాంటి ప్రయాణాలు బెడిసికొట్టేది చాలావరకు ఇక్కడే. కింద చెప్పిన ప్రతి సలహానూ ఈ చిక్కును దృష్టిలో పెట్టుకునే రాశాను.

1. దారిని ఎంచుకోవడం

పేరున్న తీర రహదారులన్నీ ఒక్క తీరుగా ఉండవు. నార్వేలోని అట్లాంటిక్ ఓషన్ రోడ్డు పొడవు 8 కిలోమీటర్ల పైచిలుకే. 1989లో తెరిచిన ఆ దారి ఎనిమిది వంతెనల మీదుగా దీవి నుంచి దీవికి దూకుతుంది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గరున్న చాప్‌మన్స్ పీక్ డ్రైవ్ 9 కిలోమీటర్లే, కానీ మలుపులు 114. ఇవి ఒక పూటలో తిరిగి రాగల దారులు. ఆస్ట్రేలియా గ్రేట్ ఓషన్ రోడ్డు 240 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. స్కాట్లాండ్‌లోని నార్త్ కోస్ట్ 500 సుమారు 830 కిలోమీటర్లు, పేరులో ఉన్న అంకె మైళ్లది. ఐర్లండ్ పడమటి తీరం వెంట సాగే వైల్డ్ అట్లాంటిక్ వే దాదాపు 2,500 కిలోమీటర్లు. దాన్ని వారం రోజుల్లో చుట్టేద్దామనుకోవడం గ్రంథాలయంలో పుస్తకాల అట్టలు తడిమి బయటికి రావడం లాంటిది. మీకున్న రోజులను బట్టి దారిలో ఒక ముక్కను తీసుకోండి. మొత్తం పూర్తి చేశామని చెప్పుకోవడానికి తిరిగితే చివరి రెండు రోజులూ పరుగే మిగులుతుంది.

పొడవు తేలాక చూడవలసింది ఆ దారి ఎక్కడెక్కడ తెగే అవకాశం ఉందన్నది. కొండ వాలును చెక్కి వేసిన రోడ్డుకు రెండు వైపులా శత్రువులే: పైనుంచి వాన మట్టిని నానబెడుతుంది, కింద నుంచి కెరటాలు కొండ పాదాన్ని కొరుకుతాయి. కాలిఫోర్నియాలోని బిగ్ సర్ మీదుగా వెళ్లే హైవే 1 ను 1937లో తెరిచారు. 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ విరిగిపడి రోడ్డును కప్పేసింది, మళ్లీ తెరవడానికి 2018 జులై వరకు పట్టింది. 2021 జనవరిలో రాట్ క్రీక్ దగ్గర రోడ్డు ముక్క ఏకంగా సముద్రంలోకి కొట్టుకుపోయింది. చాప్‌మన్స్ పీక్ దారి కూడా రాళ్లు పడటం వల్ల 2000లో మూతపడి, రాళ్లను ఆపే వలలు, పైకప్పులు కట్టాక 2003 చివర్లో గాని తెరుచుకోలేదు. నడుమ తెగిన తీర రహదారి రెండు గుడ్డిసందులుగా మారిపోతుంది. చుట్టు తిరిగి అవతలి వైపు చేరడానికి గంటలు పడుతుంది. అందువల్ల బస ఖాయం చేసుకునే ముందు ఒకసారి, బయలుదేరే రోజు ఉదయం మరోసారి, ఆ ప్రాంతపు రహదారుల శాఖ ప్రకటనలు చూడండి. ఫోనులోని మ్యాపు మీద మాత్రమే ఆధారపడవద్దు.

వాహనాల నియమాలు కూడా ముందే తెలుసుకోవాలి. ఇటలీలోని అమాల్ఫీ తీరంలో రద్దీ కాలంలో నంబరు ప్లేటు చివరి అంకె సరా, బేసా అన్నదాన్ని బట్టి కొన్ని రోజుల్లో కార్లను అనుమతించరు.

2. ఎటు నుంచి ఎటు?

చాలామంది పట్టించుకోని ప్రశ్న ఇది, నా దృష్టిలో మాత్రం దీనిదే పెద్దపీట. ఒకే రోడ్డు, దిశ మారితే వేరే ప్రయాణం అవుతుంది.

మీ బండి వెళ్లే వరుస సముద్రం వైపు ఉండేలా దిశను ఎంచుకోండి. ఎడమ పక్క నడిపే దేశాల్లో సముద్రం ఎడమ చేతికి, కుడి పక్క నడిపే దేశాల్లో కుడి చేతికి రావాలి. కాలిఫోర్నియాలో ఉత్తరం నుంచి దక్షిణానికి, గ్రేట్ ఓషన్ రోడ్డులో తూర్పు నుంచి పడమరకు వెళ్తే ఇలా కుదురుతుంది. ఐర్లండ్‌లో డింగిల్ ద్వీపకల్పపు కొసను చుట్టే స్లే హెడ్ దారిలోనూ ఇదే కారణంగా గడియారపు ముల్లు తిరిగే దిశలో వెళ్తారు. దీనివల్ల రెండు లాభాలు. ఆగి చూడదగ్గ చోట్లన్నీ సాధారణంగా సముద్రం వైపే ఉంటాయి గనుక, ఎదురు వరుసను దాటకుండానే నేరుగా పక్కకు దిగి ఆగవచ్చు. గుడ్డి మలుపు దగ్గర ఎదురు వాహనాలకు అడ్డంగా తిరగవలసిన గండం తప్పుతుంది. రెండో లాభం, పక్క సీటుకూ నీటికీ మధ్య ఇంకో వరుస అడ్డు రాదు.

అయితే అదే సీటు అగాధానికి కూడా దగ్గర. ఎడమ పక్క నడిపే దేశంలో డ్రైవరు కుడి సీటులో ఉంటారు, తోడు వచ్చినవారు అంచు మీద వేలాడుతున్నట్టు కూర్చుంటారు. నడిపేవారికి అడుగు దూరం చాలనిపించిన చోట, పక్కనున్నవారికి చక్రం గాలిలో ఉన్నట్టే తోస్తుంది. ఎత్తులంటే కళ్లు తిరిగే మనిషి వెంట వస్తుంటే మొహమాటం లేకుండా దిశ తిప్పేయండి. ఆగే చోట్లు కొన్ని పోయినా పరవాలేదు. వచ్చేవారికి ఈ భయం ఉందో లేదో ముందే అడగండి, ధైర్యం చూపించుకోవాలని చాలామంది తమంతట తాము చెప్పరు.

ఇంకొక లెక్క ఎండది. సాయంత్రం పడమరకు నడిపితే వాలిన సూర్యుడు సరిగ్గా కంట్లో పడతాడు, ఉప్పు తుంపర పట్టిన అద్దం మీద ఆ వెలుతురు పాలు పోసినట్టు తెల్లబారుతుంది. పడమటి దిశలో పెద్ద ముక్క ఉంటే దాన్ని ఉదయానికి పెట్టుకోండి.

3. రోజుకు ఎంత దూరం?

మలుపుల తీరంలో గంటకు సగటున 40 కిలోమీటర్లు వస్తే మంచి నడకే. 150 కిలోమీటర్లకు మూడు గంటల ముప్పావు. ఆరు చోట్ల ఇరవై అయిదు నిమిషాల చొప్పున ఆగితే రెండున్నర గంటలు. భోజనానికి ఒక గంట. మొత్తం ఏడుంబావు గంటలు, అంటే ఒక పగలు దాదాపు అయిపోయింది. అందుకే నా కొలత రోజుకు 150, ఎంత లేదన్నా 200 కిలోమీటర్లు. చీకటి పడ్డాక తీర రహదారిలో నడపడం శుద్ధ దండగ: శ్రమంతా ఉంటుంది, సముద్రం ఉండదు.

ప్రతి మూడో రోజు బండి కదలకుండా ఒకే చోట గడపండి. ఈ ఒక్క రోజు కోసం ఒక ప్రసిద్ధ స్థలాన్ని వదులుకోవలసి వచ్చినా వదులుకోండి.

4. వెలుగు, మంచు, ఆటుపోట్లు

పడమటి ముఖంగా ఉన్న కొండ గోడలు ఉదయం తమ నీడలోనే ఉంటాయి. వాటి రంగు బయటపడేది మధ్యాహ్నం తరువాతే. తూర్పు తీరంలో దీనికి తలకిందులు. ఫలానా రాతి తోరణాన్ని తప్పక చూడాలనుకుంటే అది ఏ దిక్కుకు తిరిగి ఉందో మ్యాపులో చూసి ఆ పూటకు అక్కడ ఉండేలా రోజును మలచుకోండి.

వేసవి అంటే నిర్మలమైన ఆకాశం అన్న భరోసా అన్ని తీరాల్లోనూ పనికిరాదు. కాలిఫోర్నియా తీరంలో వేసవిలో అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటి మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి దట్టమైన పొగమంచుగా మారి కొండలను కమ్మేస్తుంది. తరచుగా అది మధ్యాహ్నానికి పలచబడుతుంది. అలాంటి చోట పొద్దున్నే పరుగెత్తి ప్రయోజనం లేదు, నిదానంగా బయలుదేరండి. మంచులో చిక్కుకుంటే లైట్లు కిందికి దించి నడపండి. పైకెత్తిన కాంతి మంచు మీద పడి మీ కళ్లలోకే తిరిగి వస్తుంది.

ఇక ఆటుపోట్లు. పోటుకూ పోటుకూ మధ్య చాలా తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, కాబట్టి ఏ రోజు పోటు అయినా ముందు రోజు కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరలో పోటు మరింత ఎత్తుకు, ఆటు మరింత లోతుకు పోతాయి. రాతి గుంటల్లోని నక్షత్ర చేపలనూ, గుహ ముఖాలనూ చూడాలంటే ఆటు వేళ కావాలి. కానీ ఆ వేళకు గంట, గంటన్నర ముందే దిగి, నీరు తిరుగుముఖం పట్టగానే పైకి వచ్చేయాలి. కొన్నిచోట్ల రోడ్డే మునుగుతుంది. ఇంగ్లండ్‌లోని లిండిస్ఫార్న్ దీవికి వెళ్లే దారి రోజుకు రెండుసార్లు నీటి కిందికి పోతుంది. ఫ్రాన్స్‌లోని పసాజ్ దు గ్వా అనే దారి కూడా అంతే, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. హెచ్చరిక బోర్డులు ఎదురుగా ఉన్నా "ఇప్పుడే కదా, దాటేయవచ్చు" అనుకుని లిండిస్ఫార్న్ దారిలో బండి ముంచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. స్థానిక ఆటుపోట్ల పట్టికను చూసి, ఆ రోజు ప్రణాళిక రాసుకునే కాగితం మీద ఆ వేళలు ఎక్కించుకోండి.

5. బండి

చిన్నది చాలు. సన్నని దారుల్లో ఎదురొచ్చే బస్సుకు చోటివ్వడానికి వెడల్పు తక్కువైన కారే వరం. అద్దెకు తీసుకుంటే ఇద్దరి పేర్లూ డ్రైవర్లుగా ఒప్పందంలో రాయించండి. దీనికి కొంచెం అదనంగా కట్టవలసి వచ్చినా వెనకాడవద్దు, సీట్లు మారడానికి అనుమతి లేని ప్రయాణం సగం ప్రయాణమే. గేర్లు వేసే బండా, ఆటోమేటిక్‌దా అన్నది ఇద్దరిలో తక్కువ అలవాటున్నవారిని అడిగి తేల్చండి. టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం బీమా కిందికి వస్తాయో లేదో చదివి చూడండి, తీర రహదారుల్లో దెబ్బతినేవి అవే.

బయలుదేరే ముందు టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ, బ్రేకులు చూసుకోవాలి. అద్దం కడిగే నీరు నిండుగా ఉండాలి. వైపర్లు పాతవైతే మార్చండి, ఉప్పు పొరను పొడిగా రుద్దితే అది పోదు సరికదా అద్దమంతా పులుముకుంటుంది. ఇంధనం సగానికి వచ్చిందంటే కనబడ్డ బంకులో నింపించడమే. విద్యుత్ కారయితే తరువాతి ఛార్జింగ్ కేంద్రం పనిచేయకపోతే దాని తరువాతిదాన్ని చేరగలమా అని లెక్క వేసుకోండి. బిగ్ సర్ లాంటి చోట్ల మైళ్ల తరబడి ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపులను ముందే ఫోనులోకి దించుకోండి.

6. ఇద్దరి మధ్య ఒప్పందం

ఇది రాతపూర్వకంగా ఉండనక్కరలేదు, కానీ బండి ఎక్కకముందే నోటితో అనుకోవాలి.

మొదటిది, సీట్ల మార్పిడి. గంటకో, గంటన్నరకో ఒకసారి మారండి. అలసిపోయేదాకా ఆగవద్దు. "నాకేం ఇబ్బంది లేదు, నేనే నడుపుతా" అనే మనిషి నిజంగా త్యాగం చేస్తున్నాడో, స్టీరింగు వదలడం ఇష్టం లేదో తేల్చడం కష్టం. గడియారం చూసి మారితే ఆ వాదనే రాదు. దారిలో అందమైన ముక్క ఎవరి వంతులో పడుతుందో చూసి, మరుసటి రోజు అవతలివారికి దక్కేలా వంతులను అటూ ఇటూ జరపండి. ఇద్దరిలో ఒక్కరికే డ్రైవింగు వస్తే, నడిపేవారి కోసం ఆగే చోట్లు రెట్టింపు చేయాలి. అవి కూడా ఫొటో తీసి ఎక్కేసే రెండు నిమిషాల మజిలీలు కాకూడదు, ఇంజను ఆపి కూర్చునేవి కావాలి.

రెండోది, ఆపమనే హక్కు. పక్క సీటులోనివారు "ఇక్కడ ఆపు" అంటే కారణం అడగకుండా, తరువాత వచ్చే సురక్షితమైన చోట ఆపాలి. ఇందులో కీలకమైన మాట "తరువాత వచ్చే." దాటిపోయిన దృశ్యం కోసం రోడ్డు మీద వెనక్కి నడపడం, మలుపులో ఆపడం ఎంత ముచ్చట పడినా కుదరదు. ఇందుకోసం పక్కనున్నవారు ముందే మ్యాపులో చోట్లు గుర్తించి, "రెండు కిలోమీటర్లలో ఎడమ వైపు ఒకటుంది" అని చెప్పగలగాలి.

మూడోది, భయం గురించి. "నెమ్మది" అన్న మాట వినబడితే వేగం తగ్గించాలి, అంతే. "నేను బాగానే నడుపుతున్నానుగా" అన్న జవాబు నిషిద్ధం. నడిపేవారి చేతిలో స్టీరింగు ఉంది, బ్రేకు కాలి కింద ఉంది. పక్కవారి చేతిలో ఉన్నది తలుపు పిడి మాత్రమే. ఒకే మలుపు ఆ ఇద్దరికీ ఒకేలా ఎందుకు తోస్తుంది?

నాలుగోది కడుపు తిప్పడం. మలుపుల్లో లోపలి చెవి కదలికను పట్టుకుంటుంది, ఫోను మీద ఉన్న కన్ను మాత్రం ఏదీ కదలడం లేదంటుంది. ఈ తగవులోంచే వికారం పుడుతుంది. నడిపేవారికి ఇది అరుదు, ఎందుకంటే రాబోయే మలుపు వారికి ముందే తెలుసు. దారి చెప్పే పని పక్కవారికి అప్పగించి వారిని ఫోనులోకి తలదూర్చమనడం వారిని రోగిని చేయడమే. ముందు రాత్రి ఇద్దరూ కూర్చుని, ఆగే చోట్లు, మలుపుల పేర్లు, దూరాలు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క చూపులో చదివి తలెత్తేలా ఉండాలి. కళ్లను దూరపు దిగంతం మీద నిలిపితే ఊరట. వికారానికి వేసుకునే మాత్రల్లో చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది, అవి వేసుకున్నవారు ఆ పూట స్టీరింగు ముట్టకూడదు.

ఖర్చులకు ఇద్దరూ సమానంగా వేసిన ఒక ఉమ్మడి పర్సు పెట్టుకుంటే రోజూ లెక్కలు తేల్చే పని ఉండదు. మాట్లాడకుండా గడిచే గంటలను చూసి కంగారు పడవద్దు, సముద్రం పక్కన మౌనం అలక కాదు.

7. దారి మీద

గ్రేట్ ఓషన్ రోడ్డును మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 మధ్య, ఎక్కువగా పారలూ గునపాలతోనే తవ్వి, చనిపోయిన తమ తోటివారి స్మారకంగా నిలిపారు. ఇలాంటి పాత దారుల వంపులు ఆనాటి బండ్ల వేగానికి కుదిరినవి. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించండి, మలుపు మధ్యలో బ్రేకు తొక్కవలసి వచ్చిందంటే ముందే తప్పు జరిగిందన్నమాట. పొడవైన దిగుడులో బ్రేకు మీద కాలు మోపి ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. చిన్న గేరులో దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ బండ్లలో కూడా చిన్న గేరుకు మార్చే వీలుంటుంది, అది ఎక్కడుందో మైదానంలో ఉండగానే నేర్చుకోండి.

ఒంటి వరుస రోడ్లలో ఎదురుబండికి దారివ్వడానికి అక్కడక్కడ రోడ్డును వెడల్పు చేసి ఉంచుతారు. స్కాట్లాండ్‌లో అలాంటి చోటు మీ ఎడమ పక్కన ఉంటే అందులోకి దిగాలి, కుడి పక్కన ఉంటే దాని ఎదురుగా రోడ్డు మీదే ఆగి అవతలి బండిని అందులోకి రానివ్వాలి. ఎక్కుతున్న బండికి దిగుతున్నవారు దారివ్వడం మర్యాద. అవి పార్కింగు కోసం కావు, ఫొటో కోసం అసలే కావు. వెనక బండ్లు పేరుకుంటుంటే పక్కకు తప్పుకోండి. కాలిఫోర్నియాలో రెండు వరుసల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లే బండి వెనక అయిదు వాహనాలు చేరితే పక్క జాగాలోకి తప్పుకుని వాటిని పోనివ్వాలని చట్టమే చెబుతుంది. వాళ్లకు ఇది రోజూ పనికి వెళ్లే దారి.

గాలిని తక్కువగా అంచనా వేయవద్దు. కొండ చాటు నుంచి వంతెన మీదికి రాగానే పక్కగాలి బండిని ఒక్క తోపు తోస్తుంది, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలి. ఆగినప్పుడు కారు ముక్కును గాలికి ఎదురుగా పెట్టండి. ఒకసారి నేను గాలికి వీపు పెట్టి ఆపాను. తలుపు తీశానో లేదో, చేతిలోంచి ఊడినట్టు లాక్కుపోయి కీలు వంగింది. మిగిలిన రెండు రోజులూ నా స్నేహితుడి వైపు నుంచి పాకుతూ దిగాను. ఆ రెండు రోజులూ అతను చూపిన ఓర్పుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

8. దిగినప్పుడు

కొండ అంచు పైనుంచి చూస్తే గట్టి నేలలా ఉంటుంది. కింద కెరటాలు తొలిచేసి అది గాలిలో తేలుతున్న చూరు కావచ్చు. గ్రేట్ ఓషన్ రోడ్డు పక్కన సున్నపురాతి తోరణం ఒకటి, లండన్ బ్రిడ్జ్ అని పిలిచేవారు, 1990 జనవరిలో ఒడ్డును ఆనుకున్న భాగం కూలిపోయింది. అవతలి కొసన చిక్కుకుపోయిన ఇద్దరిని హెలికాప్టర్‌తో తీసుకురావలసి వచ్చింది. ట్వెల్వ్ అపోజిల్స్ అనే రాతి స్తంభాల్లో ఒకటి 2005 జులైలో చూస్తుండగానే కుప్పకూలింది. కంచె ఉన్నచోట కంచె లోపలే ఉండండి. లేనిచోట అంచుకు కనీసం మీ ఇద్దరి ఎత్తంత ఎడం పాటించండి. ఫొటో కోసం వెనక్కి నడిచేవారిని రెండోవారు మాటతో కాదు, చేయి పట్టుకుని ఆపాలి.

రాళ్ల మీదికి దిగే ముందు పొడిగా ఉన్న చోట నిలబడి పది నిమిషాలైనా కెరటాలను గమనించండి. రాయి తడిగా ఉంటే అక్కడిదాకా నీరు వస్తోందని అర్థం. ఐస్‌లాండ్‌లోని రేనిస్‌ఫ్యారా లాంటి తీరాల్లో అప్పటిదాకా బుద్ధిగా ఉన్న సముద్రం ఒక్కసారిగా పొడవాటి కెరటాన్ని ఒడ్డు మీదికి విసురుతుంది, మనుషులు కొట్టుకుపోయిన సంగతులున్నాయి. సముద్రానికి వీపు చూపవద్దు. ఈతకు దిగి, లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది దాని పట్టు తప్పించుకోవాలి. ఒకరు చిక్కుకున్నప్పుడు రెండోవారు నీళ్లలోకి దూకడం తొందరపాటు, తేలే వస్తువు ఏదైనా విసిరి సహాయం కోసం పరుగెత్తండి. అందుకే ఇద్దరూ ఒకేసారి నీళ్లలోకి దిగకూడదు.

9. తిరిగొచ్చాక

మొదటి రెండు రోజుల్లోనే బండిని కడిగించండి, పైన కంటే అడుగున ఎక్కువగా, చక్రాల గూళ్లలో, సైలెన్సర్ చుట్టూ. ఉప్పు అక్కడే కూర్చుని ఇనుమును తింటుంది. కడిగి నిలబెట్టిన బండిని మరునాడు తీసినప్పుడు బ్రేకులు కాసేపు గరగరలాడితే బెదిరిపోవద్దు. బ్రేకు పళ్లెం (డిస్కు) మీద పట్టిన పలచని తుప్పు నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అప్పటికీ పోకపోతే మెకానిక్‌కు చూపించండి.